తెల్లమద్ది బెరడు కషాయం, పాల కషాయం కాచే పద్ధతి

వాగుల ఒడ్డున ఎత్తుగా పెరిగే మద్ది చెట్లలో ఈ కషాయానికి కావలసినది తెల్లమద్ది. ఏటి తడిని ఆశ్రయించి బతుకుతుంది కనుక దీనిని ఏరుమద్ది అని కూడా అంటారు. సంస్కృతంలో దీని పేరు అర్జున. నల్లమద్ది బెరడు మొసలి వీపులా నల్లగా, పగుళ్లు బారి ఉంటుంది. తెల్లమద్ది మాను నున్నగా, బూడిద కలిసిన తెల్లని రంగులో ఉండి పెచ్చులుగా రాలుతుంది. బెరడు లోపలి వైపు లేత ఎరుపు కనిపిస్తుంది, కాయకు ఐదు రెక్కలుంటాయి.

బెరడును మాను చుట్టూ ఒలిస్తే చెట్టు ఎండిపోతుంది కాబట్టి, ముదురు చెట్టుకు ఒక పక్కనే, అదీ సన్నని పట్టీగా తీయాలి. కడిగి, నీడన ఆరబెట్టి, బరకగా దంచుకోవాలి. మెత్తని పొడి వడకట్టేటప్పుడు గుడ్డలోంచి దిగిపోతుంది.

మామూలు కషాయానికి 20 గ్రాముల బెరడును 320 మిల్లీలీటర్ల నీటిలో వేసి, సన్నని మంట మీద 80 మిల్లీలీటర్లు మిగిలేదాకా మూత లేకుండా కాచాలి. ఇనుప పాత్ర వాడకూడదు. బెరడులోని టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలిసి కషాయాన్ని నల్లగా మారుస్తాయి.

ఆయుర్వేదంలో గుండె బలానికి ఎక్కువగా చెప్పేది పాల కషాయం, అంటే క్షీరపాకం. దీనికి బెరడు ఒక వంతు, ఆవుపాలు ఎనిమిది వంతులు, నీరు ముప్పై రెండు వంతులు: 5 గ్రాముల బెరడుకు 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీరు. ముందుగా పాలు మాత్రమే పోసి, గిన్నెలో శుభ్రమైన పుల్ల నిలిపి పాల మట్టానికి గీత పెట్టుకుని, ఆ తరువాత నీరు, బెరడు కలిపి కాస్తే, నీరు ఇగిరి మళ్లీ ఆ గీతకు ఎప్పుడు దిగిందో సులభంగా తెలుస్తుంది. తొందరపడి మంట పెంచితే పాలు పొంగిపోతాయి, లేదా అడుగంటుతాయి. వగరు తగ్గడానికి కాస్త పటికబెల్లం వేసుకోవచ్చు.

పుండ్లు కడగడానికి, నోటిపూతకు పుక్కిలించడానికి, విరేచనాలు కట్టడానికి పాలు లేని కషాయాన్నే వాడేవారు. ఈ ఉపయోగాలన్నింటికీ ఆధారం దాని వగరు గుణమే.

గుండెకు, రక్తపోటుకు మందులు వాడుతున్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుణ్ణి అడగకుండా దీనిని తాగకూడదు, ఉన్న మందులు మానుకోకూడదు. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు కషాయం కాస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కాచినది ఏ పూటకు ఆ పూటే తాగాలి. దంచిన బెరడును మాత్రం తడి తగలని సీసాలో దాచుకోవచ్చు.