కొత్తవి తెచ్చినా గదికి కళ రాలేదా? కారణం ఇక్కడ వెతకండి

కాలం మారగానే ఇల్లు కూడా కాస్త మారితే బాగుండు అనిపిస్తుంది. వెంటనే కొనాల్సిన వాటి లిస్టు మొదలవుతుంది. దయచేసి ఆ లిస్టు కొన్నాళ్లు పక్కన పెట్టండి. గది డల్‌గా ఉందంటే చాలాసార్లు వస్తువులు తక్కువై కాదు. వెలుతురో, గుడ్డలో, సర్దిన తీరో వచ్చిన కాలానికి కుదరలేదన్నమాట. ఏది కుదరలేదో తేలితే ఖర్చు దాని వరకే ఉంటుంది. ఒక్కోసారి ఖర్చే ఉండదు.

"కొత్తవి పెట్టినా గది పాతగానే ఉంది"

పాతవి తీయకుండా వాటి మధ్య కొత్తవి ఇరికిస్తే ఇలాగే అవుతుంది. ఏళ్ల తరబడి ఒకేచోట ఉన్న వస్తువు మీద మన చూపు ఆగదు. పక్కన పెట్టిన కొత్తది కూడా ఆ గుంపులో కలిసిపోతుంది.

ఒక్క గది ఎంచుకుని షెల్ఫులు, టేబుళ్లు, గోడలు ఖాళీ చేయండి. ఒక రాత్రి అలాగే వదిలేయండి. మర్నాడు బాగా ఇష్టమైన వాటితో మొదలుపెట్టి ఒక్కొక్కటే తిరిగి పెట్టండి. ఇక చాలు అనిపించగానే ఆపేయాలి. మిగిలినవి అట్టపెట్టెలోకి వెళ్లాలి, వచ్చే సీజన్‌కి అవే కొత్తవి. పటాలు మరీ పైకి తగిలించకండి. పటం మధ్యభాగం నేల నుంచి 145-150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చూపుకు హాయిగా అందుతుంది.

"పగలు బాగుంటుంది, లైట్లు వేయగానే కళ తప్పుతుంది"

పొద్దు తక్కువగా ఉండే రోజుల్లో ఇది ఎక్కువగా బయటపడుతుంది. తప్పు గోడ రంగుదని పెయింట్ మార్చేవాళ్లున్నారు. నిజానికి ముందు చూడాల్సింది బల్బు పెట్టె మీద కెల్విన్ (K, కాంతి రంగును చెప్పే కొలత) పక్కన ఉన్న అంకె. 2700-3000 అయితే పసుపు ఛాయ వెచ్చని కాంతి, 4000 దగ్గర మామూలు తెలుపు, 6500 అయితే నీలం ఛాయ తెలుపు. చలికాలంలో 6500 బల్బు వెలుతురులో ఊలు రగ్గు కూడా చల్లగా కనిపిస్తుంది. ఒకే గదిలో రెండు రకాల బల్బులు కలిస్తే ఇంకా ఇబ్బంది, ఒకే గోడ రెండు రంగుల్లో కనబడుతుంది.

కాబట్టి ఒక గదిలో ఒకే అంకె ఉన్న బల్బులు వాడండి. చలి రోజులకు 2700-3000, ఎండాకాలానికి 4000 నాకు నచ్చుతాయి. తీసిన బల్బులు దాచుకుంటే ప్రతి ఏడూ అవే పనికొస్తాయి. ఇంకో కారణం, సీలింగ్ మధ్యలో ఉన్న ఒకే ఒక్క లైటు. దాని వల్ల గది మూలలు చీకటిగా, ముఖాల మీద నీడలుగా ఉంటుంది. కూర్చున్నప్పుడు కంటి ఎత్తుకు వచ్చేలా ఒక టేబుల్ ల్యాంప్ మూలలో పెడితే తేడా ఆ సాయంత్రమే తెలుస్తుంది. కాంతి రంగు మార్చడానికి ల్యాంప్ మీద గుడ్డ మాత్రం కప్పకండి, వేడికి అంటుకునే ప్రమాదం ఉంది.

"పగలు కూడా చీకటే"

కర్టెన్లు పక్కకు లాగినా సగం అద్దం మూసుకునే ఉంటుంది, అదే కారణం. రాడ్ కిటికీకి రెండు వైపులా 15-20 సెంటీమీటర్లు బయటికి వచ్చేలా బిగిస్తే తీసిన కర్టెన్ గోడ మీదికి వెళ్లిపోతుంది. కిటికీ అద్దాలు కడగండి. గదిలో అద్దం ఉంటే కిటికీకి ఎదురుగా గానీ పక్క గోడకు గానీ మార్చండి. అందులో ఏం కనబడుతుందో కూడా చూసుకోవాలి. చిందరవందరగా ఉన్న మూల కనబడితే ఆ గందరగోళమే రెట్టింపవుతుంది.

"గోడ మీద పొక్కులు, మరకలు. స్టిక్కర్ అంటిస్తే సరిపోతుందా?"

సరిపోదు, ఆ డబ్బు వృథా. చెమ్మ ఎక్కడిదో ముందు తేలాలి. మరక ఉన్నచోట గోడను పొడిగా తుడిచి, అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది, లీకు ఆపాకే రంగు వేయాలి. బయటి వైపు తడి ఉంటే గదిలో గాలి ఆడట్లేదు. బీరువాను గోడ నుంచి కాస్త జరిపి, కిటికీలు తెరిచి ఉంచండి.

"దాచిన కర్టెన్లు, కవర్లు తీస్తే వాసన, పసుపు మచ్చలు"

ఇక్కడ జరిగే నష్టం చాలామంది లెక్కలోకి రాదు. గత ఏడాది గుడ్డలు బాగుంటే ఈ ఏడాది కొనే పనే ఉండదు. కొద్దిగా తడి మిగిలినా బూజు పడుతుంది. కంటికి కనిపించని చెమట, నూనె మరకలు నెలలు గడిచే కొద్దీ పసుపెక్కుతాయి. గంజి పెట్టి దాస్తే వెండిపురుగులకు ఆహారం పెట్టినట్టే. ప్లాస్టిక్ కవర్ లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు.

శుభ్రంగా కనిపించినా సరే ఉతికి, గంజి లేకుండా, పూర్తిగా ఆరాక మడవండి. పాత దుప్పటిలో గానీ నూలు సంచిలో గానీ చుట్టి పెట్టండి. కలరా ఉండలు వాడితే గుడ్డకు తగలకుండా, పిల్లలకు అందకుండా చూడండి. మధ్యలో ఒకసారి తీసి మడతలు మార్చండి.

"కుషన్లు వాలిపోయాయి"

కవరుకు, లోపలి దిండుకు ఒకే సైజు ఉండటం వల్ల. 40 సెంటీమీటర్ల కవరులో 45 దిండు పెడితే నిండుగా ఉంటుంది.

"అతికించిన హుక్కులు ఊడిపోతున్నాయి"

దుమ్ము, చెమ్మ, పచ్చి పెయింట్. స్పిరిట్‌తో తుడిచి, ఆరాక అర నిమిషం గట్టిగా అదిమి, గంట ఆగి బరువు తగిలించండి.

"ప్రతి సీజన్‌కీ బడ్జెట్ దాటుతోంది"

ఒక్క సీజన్‌కే పనికొచ్చే బొమ్మలు, ముద్రలున్న కవర్లు కొనడం వల్ల. సోఫా, కర్టెన్లు, రగ్గు లాంటి పెద్దవి ఏ రంగుకైనా కలిసే ఛాయల్లో ఉంచుకుని, కుషన్ కవర్లు, టేబుల్ గుడ్డ, సోఫా మీద వేసే దుప్పటి మాత్రం మార్చండి. ఎండలకు పలుచని నూలు, చలికి మందమైన నేత. ఇంట్లో ఉన్న కవర్లు, కర్టెన్ల కొలతలు, వాటి ఫోటోలు ఫోన్‌లో ఉంచుకుంటే కొట్లో నచ్చింది ఇంట్లో వాటితో కలుస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.