పార్కుకు ప్లాను గీసే ముందు నీళ్ళు పోసే చేతులు లెక్కపెట్టండి

నా వృత్తి భవనాల చుట్టూ తోటలకు ప్లాన్లు గీయడం. ఆదివారాలు మాత్రం పైసా తీసుకోకుండా చిన్న పార్కులకూ, రోడ్ల మూలల్లో మిగిలిపోయిన ఖాళీ జాగాలకూ గీసిపెడతాను. పన్నెండేళ్ళలో పదిహేడు స్థలాలు చేశాను. వాటిలో పదకొండు ఇవాళ్టికీ పచ్చగా ఉన్నాయి, ఆరు పాడయ్యాయి. ఆ ఆరింటిలో ఐదింటి కథ ఒకటే. మొక్కలు నాటే రోజున అరవై మంది వచ్చారు, నీళ్ళు పోసే రోజున ఇద్దరు మిగిలారు. వచ్చి వెళ్ళినవాళ్ళను నేను తప్పుపట్టను. ఇద్దరు చూసుకోలేని తోటను గీసింది నేనే కదా. అందుకే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ముందు ఈ మాటే చెబుతాను: ఏడాది పొడవునా ఉండే చేతులు ఎన్నో తేల్చుకోండి, ఆ చేతులకు సరిపడా తోటే గీయండి.

ఆరోదాని కథ వేరు. అక్కడ గేటు నుంచి బస్టాపు వైపు, పచ్చికకు అడ్డంగా, జనం నడిచి నడిచి ఒక దారి పడింది. నా కంటికి అది మచ్చలా కనిపించింది. దాన్ని మూసేసి, పక్కనుంచి వంపు తిరుగుతూ పోయే బాట గీశాను. పాత దారి మీద మోకాలెత్తు పొదలు వరసగా నాటించాను. ఆరు వారాలకు వెళ్ళి చూస్తే ఆ వరసలో సరిగ్గా ఒక మనిషి పట్టేంత సందు పడి ఉంది. నేను చూస్తుండగానే ఒక పెద్దావిడ చేతిసంచీ పైకెత్తి పట్టుకుని, కొమ్మలు గీసుకుపోకుండా పక్కకు తిరిగి, ఆ సందులోంచి మెల్లగా దాటింది. ఆవిడ రోజూ నడిచే దారిని నేను ఒక్క మాట అడక్కుండా మూసేశానన్నమాట. ఆ దృశ్యం తర్వాత పార్కుల విషయంలో నా పద్ధతే మారిపోయింది.

ఇప్పుడు మొదటి మూడు వారాలూ గీత గీయను. కూర్చుని చూస్తాను. మీరూ అలాగే చేయండి. పొద్దున్నే ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, చీకటి పడేవేళ ఒకసారి వెళ్ళండి. పనిరోజున వెళ్ళండి, సెలవురోజున వెళ్ళండి. వాన వెలిసిన అరగంటకు తప్పకుండా వెళ్ళండి, నీళ్ళు నిలిచే చోటు అప్పుడు తప్ప కనబడదు. స్థలం ఆకారాన్ని కాగితం మీద ఉజ్జాయింపుగా గీసుకుని, మనిషి కూర్చున్న చోట చుక్క, నిలబడి మాట్లాడిన చోట అడ్డగుర్తు పెట్టండి, నడిచిన దారికి గీత గీయండి. నాలుగోసారికే ఆ కాగితం మాట్లాడటం మొదలుపెడుతుంది. 1970లలో విలియం వైట్ అనే ఆయన న్యూయార్క్‌లోని చిన్న చిన్న బహిరంగ స్థలాల్లో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ కూర్చుంటారో ఓపిగ్గా గమనించాడు. కదిలే కుర్చీ ఉంటే మనిషి కూర్చునే ముందు దాన్ని కొన్ని అంగుళాలైనా జరుపుకుంటాడని ఆయన గుర్తించాడు. కూర్చోవడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారన్నది ఆయన తేల్చిన మరో సంగతి. వినడానికి అందరికీ తెలిసినదే అనిపిస్తుంది. కానీ బెంచీలు లేని పార్కులూ, ఎండలో కాలిపోయే బెంచీలున్న పార్కులూ ఎన్ని లేవు!

వచ్చేవాళ్ళను "ఇక్కడ ఏం కావాలి?" అని అడగకండి. అడిగితే ఫౌంటెన్ కావాలంటారు, అది వాళ్ళు ఎక్కడో ఫొటోలో చూసినది. "నిన్న వచ్చారా? ఎంతసేపున్నారు? ఎందుకు లేచి వెళ్ళిపోయారు?" అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల్లోనే మీ ప్లాను ఉంటుంది: ఎండ వచ్చింది, దోమలు కుట్టాయి, నడుము నొప్పి పుట్టింది, చీకటి పడింది. లోపలికి రాకుండా బయటినుంచే వెళ్ళిపోయేవాళ్ళను కూడా ఆపి అడగండి. వాళ్ళ సంగతి లోపల కూర్చున్నవాళ్ళకు తెలియదు.

అనుమతి విషయం ఈలోపే తేల్చుకోండి. స్థలం ఎవరిదో కనుక్కుని, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. నేల కింద పైపులూ కేబుళ్ళూ ఎక్కడున్నాయో అడిగి ప్లానులో గుర్తు పెట్టుకోండి. 1973లో లిజ్ క్రిస్టీ, ఆమె మిత్రులూ న్యూయార్క్‌లో చెత్తతో నిండిన ఒక ఖాళీ జాగాను బాగుచేసి తోట వేశారు. మరుసటి ఏడు నగరపాలక సంస్థ దాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు వాళ్ళకే ఇచ్చింది. ఆ తోట ఇప్పటికీ ఆమె పేరుతోనే ఉంది. ఆ చిన్న అద్దెకాగితానికి ఉన్న విలువ గుర్తుంచుకోండి.

ఇక కొలతలు. ముప్ఫై మీటర్ల టేపు, ఇద్దరు మనుషులు చాలు. గేటు స్తంభాల్లాంటి కదలని గుర్తులు రెండు ఎంచుకుని, ప్రతి చెట్టుకూ ప్రతి మూలకూ ఆ రెండింటి నుంచి దూరం కొలవండి. కాగితం మీద కంపాసుతో రెండు చాపాలు గీస్తే అవి కలిసిన చోటే ఆ చెట్టు. మూలమట్టం కావాలంటే 3, 4, 5 మీటర్ల భుజాలతో తాడు త్రిభుజం పరిస్తే సరి. స్కేలు 1:100 పెట్టుకోండి, నేల మీద మీటరు కాగితం మీద సెంటీమీటరు అవుతుంది. అందరూ చదవగలరు.

నేల వాలు తెలుసుకోవడానికి మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టాన్ని మించింది లేదు. వేలి లావు పారదర్శకపు గొట్టం పన్నెండు మీటర్లు తీసుకోండి. గాలిబుడగ ఒక్కటి కూడా మిగలకుండా నీళ్ళు నింపండి. రెండు కొసలనూ సెంటీమీటర్లు గుర్తుపెట్టిన రెండు కర్రలకు కట్టండి. ఒక కర్ర గేటు దగ్గర, ఇంకోటి పది మీటర్ల అవతల. నీళ్ళు కాసేపు పైకీ కిందికీ ఊగి, మెల్లగా కుదురుకుంటాయి. అప్పుడు రెండు కర్రల మీదా అంకె చదవండి. ఒకచోట 90, ఇంకోచోట 140 వచ్చిందంటే తేడా 50 సెంటీమీటర్లు, అంటే ఇరవైకి ఒకటి వాలు. చక్రాల కుర్చీకి అది హాయిగా ఉంటుంది. పన్నెండుకు ఒకటి దాటితే ఆ కుర్చీలో ఉన్న మనిషి మీ పార్కులోకి రానట్టే.

మట్టికీ పరీక్ష ఉంది. ముప్ఫై సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి, నీళ్ళు నింపి, ఇంకిపోయాక మళ్ళీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలుతో చూడండి. రెండున్నర సెంటీమీటర్లో అంతకు మించో దిగితే వాననీటిని అక్కడికే మళ్ళించి ఇంకించవచ్చు. గంటకు ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే మళ్ళించకండి, మడుగు కడుతుంది.

ఉన్న చెట్ల జోలికి వెళ్ళేముందు ఒక్కమాట. వేళ్ళన్నీ పాతాళానికి దిగుతాయని చాలామంది అనుకుంటారు. నీళ్ళు పీల్చే వేళ్ళలో ఎక్కువ భాగం పైనున్న అరమీటరు మట్టిలోనే, కొమ్మల గొడుగును దాటి దూరంగా పరుచుకుని ఉంటాయి. ఎత్తు పెంచుదామని చెట్టు మొదట్లో మట్టి పోసినా, బాట కోసం అడ్డంగా కందకం తీసినా ఆ చెట్టు వెంటనే పడిపోదు. రెండు మూడేళ్ళకు పై కొమ్మలు ఎండటం మొదలవుతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు గీయండి. ట్రేసింగ్ పేపరు పొరలుగా వేసుకుని మొదటి పొరలో జనం నడిచే దారులు, రెండో పొరలో నీళ్ళు పోయే దారి, మూడో పొరలో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడలు. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే బెంచీలు ఎక్కడుండాలో వాటంతటవే తెలుస్తాయి. బెంచీ వీపు వైపు గోడో పొదో ఉండాలి, ముఖం మనుషులు తిరిగే వైపు ఉండాలి. ఎత్తు 45 సెంటీమీటర్లు, ఆనుకోవడానికి వీపు, పట్టుకుని లేవడానికి చేతులు ఉండాలి. పక్కన చక్రాల కుర్చీ నిలిచేంత గట్టి నేల వదలండి. బాటల పక్క పొదలు 75 సెంటీమీటర్లు దాటకుండా, చెట్ల కింది కొమ్మలు రెండు మీటర్ల పైనే ఉండేలా చూస్తే ఈ కొస నుంచి ఆ కొస కనబడుతుంది. చీకటివేళ ఒంటరిగా నడిచేవాళ్ళకు అది ఎంత ధైర్యమో వాళ్ళను అడిగితే చెబుతారు.

మొక్కలు ఆఖరున. ఇక్కడే చేతుల లెక్క. ఎండాకాలంలో కొత్తగా నాటిన ఒక చెట్టుకు నేను తడికి రెండు బకెట్లు, అంటే 20 లీటర్లు వేసుకుంటాను. ముప్ఫై చెట్లు నాటితే అరవై బకెట్లు. కుళాయి నలభై మీటర్ల దూరంలో ఉంటే, చేతికొక బకెట్ చొప్పున మోసినా ముప్ఫై సార్లు తిరగాలి. మొత్తం 2.4 కిలోమీటర్ల నడక, అందులో సగం 20 కిలోల బరువుతో. వారానికి రెండుసార్లు. మిగిలేది ఇద్దరైతే ఇది జరిగే పని కాదు. అందుకని కుళాయి దగ్గర కంపాసు ముల్లు పెట్టి, ఉన్న గొట్టం పొడవుతో ఒక వలయం గీసి, మొదటి ఏడాది చెట్లన్నీ ఆ వలయంలోనే పెడతాను. పది చాలు. అవి నిలదొక్కుకున్నాక వలయం దాటి ముందుకు పోతాం.

గుంతలు తవ్వే ముందు ఆ ప్లానును నేల మీదే పరచండి. ఇసుకతో బాట అంచులు పోయండి, వంపులకు నీళ్ళ గొట్టం పరిచి దాని వెంట పోయండి. చెట్టు రావాల్సిన చోట కర్ర పాతండి, బెంచీ చోట పాత కుర్చీ వేయండి. వారం అలాగే ఉంచండి. కుర్చీని ఎవరైనా జరిపి ఉంటే దాన్ని వెనక్కి పెట్టకండి, కాగితం మీద బెంచీనే జరపండి.

నాటేటప్పుడు గుంత వెడల్పు వేరుముద్దకు రెండు మూడింతలు, లోతు వేరుముద్ద ఎంతో అంతే. మొదలు విచ్చుకుని వేళ్ళుగా మారే చోటు నేలమట్టానికి కనబడాలి. ఎండుటాకులూ చెక్కపేళ్ళూ ఏడెనిమిది సెంటీమీటర్ల మందాన పరచండి, మాను చుట్టూ మాత్రం జానెడు ఖాళీ వదలండి. ఆనించి కుప్ప పోస్తే బెరడు కుళ్ళుతుంది.

పని అయ్యాక ప్లాను నకలొకటి లామినేషన్ చేయించి పనిముట్ల గది తలుపుకు తగిలించండి. దాని మీద కుళాయి చోటు, ఏ రోజు ఎవరి వంతు, ఏ చెట్టుకు ఎన్ని బకెట్లు రాసి ఉండాలి. ఏడాది తిరిగాక అదే రోజున ఆ ప్లాను, ఒక ఎర్ర పెన్ను పట్టుకుని వెళ్ళి చచ్చిపోయిన ప్రతి మొక్క మీదా అడ్డగీత కొట్టండి. ఎర్రగీతలన్నీ ఒక మూలకే చేరితే ఆ మూలకు నీళ్ళు అందలేదని అర్థం. అక్కడ మళ్ళీ నాటే ముందు గొట్టం సంగతి చూడండి.