‘వచ్చిండు’ను ‘వచ్చాడు’ చేసే ముందు

హన్మకొండలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, తహసీల్దారుకు దరఖాస్తులు, ఫ్లెక్సీలు, అప్పుడప్పుడు ఎవరిదో ఒక కథ. పొద్దస్తమానం వేరేవాళ్ల తెలుగు దిద్దడమే పని. ఎక్కడ దిద్దాలో, ఎక్కడ చెయ్యి ఆపుకోవాలో మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ధర్మసాగర్ వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. నోటుబుక్కు కాగితం మీద రెండే వాక్యాలు రాసుకొచ్చాడు: "మా అవ్వ కాలం చేసింది. పదో దినం నాడు అందరు వచ్చి బువ్వ తిని పోవాలె." నేను చేతి అలవాటు కొద్దీ దాన్ని ‘మా మాతృమూర్తి స్వర్గస్థులైనారు, కావున బంధుమిత్రులెల్లరు విచ్చేసి...’ అంటూ ఆరు లైన్లు చేసి ప్రింటు చేతిలో పెట్టాను. ఆయన కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివి, "మంచిగనే ఉన్నది సారూ, గని ఇందుల మా అవ్వ లేదు" అన్నాడు.

అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి చెప్తాను. బడిలో పిల్లల రాతలు దిద్దే టీచర్లకైనా, ఊరి గురించి రాయాలనుకుని ‘నా భాష తప్పేమో’ అని టెన్షన్ పడేవాళ్లకైనా పనికొస్తుంది.

ముందు ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో అడగండి. దరఖాస్తు అయితే నేను నిక్కచ్చిగా ఉంటాను. ‘అవ్వ’ అంటే మా దిక్కు పాతతరానికి తల్లి, చాలాచోట్ల నానమ్మో అమ్మమ్మో. విరాసత్ కాగితంలో, అంటే వారసత్వంగా భూమి రాయించుకునే కాగితంలో, ఆ ఒక్క మాట తేడా కొడితే మధ్యలో ఒక తరమే ఎగిరిపోతుంది, కాబట్టి ‘తల్లి’ అనే రాస్తాను, పేరు ఆధార్‌లో ఎట్లా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అట్లాగే. నోటితో ‘ఎకరంన్నర’ అంటారు, ఎకరానికి 40 గుంటలు కనుక కాగితం మీద ‘1 ఎకరం 20 గుంటలు’ అని పెడతాను. అదే దరఖాస్తులో ‘గెట్టు’ను, అంటే చేను గట్టును, మాత్రం ముట్టుకోను. మొదట్లో ఒకసారి ‘గెట్టు జరిపిండ్రు’ అన్నదాన్ని ‘పొలిమేర జరిపారు’ అని దిద్దాను, చేసినప్పుడు గొప్పగానే అనిపించింది. కానీ పొలిమేర ఊరికి ఉంటుంది, చేనుకు ఉండదు. రెండు చేన్ల నడుమ పంచాయితీ రెండు ఊళ్ల పంచాయితీ అయిపోయింది. రైతు చదివి చెప్పాడు కాబట్టి సరిపోయింది. పని మాటలకు గ్రంథాల్లోంచి పర్యాయపదం తేవద్దు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాల కోశాన్ని 1962లో తెచ్చినప్పుడు ఆ మాటలు రైతుల నోళ్లలోంచే వచ్చాయి.

ఇక వ్యాకరణం. సంధి సూత్రాల చివర మూడు మాటలు వస్తుంటాయి, నిత్యం, వైకల్పికం, బహుళం. బడిలో మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేశాం గానీ, దిద్దేవాళ్లకు ఇంతకు మించి పనికొచ్చే మాటలు లేవని నా నమ్మకం. నిత్యం అంటే తప్పకుండా జరగాల్సింది. వైకల్పికం అంటే జరిగినా సరే, జరక్కపోయినా సరే. బహుళం అంటే జరగొచ్చు, మానొచ్చు, ఒక్కోచోట మనం అనుకోని రూపమే రావచ్చు. 1858లో బాలవ్యాకరణం తెచ్చిన చిన్నయసూరి అంత కట్టుదిట్టంగా సూత్రాలు రాసి కూడా భాషకు అంత జాగా వదిలాడు. ఆయన నిత్యం అన్న ఉత్వసంధిని కూడా ఇవాళ పేపర్లు విడదీసే అచ్చేస్తున్నాయి, ‘వాడెవడు’ అనకుండా ‘వాడు ఎవడు’ అని. ఎవరికీ అభ్యంతరం లేదు. అట్లాంటప్పుడు ఊరివాళ్ల మాట దగ్గరికి వచ్చేసరికే నియమం ఎందుకు గుర్తుకు రావాలి? తప్పు అనబోయే ముందు ఇది మూడింట్లో ఏది అని ఒక్కసారి అడుక్కోండి.

నా వరకు నిత్యం ఏమిటంటే, అక్షరం మారితే అర్థం చెడేవి. అర్థం వేరు, అర్ధం వేరు, రెండోది సగం. కళ వేరు, కల వేరు. ఫ్లెక్సీల మీద ‘హార్థిక శుభాకాంక్షలు’ అని ఎన్ని చూశానో లెక్కలేదు, అది ‘హార్దిక’. ‘శ్రద్దాంజలి’ కాదు ‘శ్రద్ధాంజలి’, ‘విధ్యార్థి’ కాదు ‘విద్యార్థి’, ‘మనస్పూర్తి’ కాదు ‘మనస్ఫూర్తి’. వీటి దగ్గర మొహమాటపడను, కొట్టేసి సరిగ్గా రాస్తాను, ఎవరూ నొచ్చుకోరు కూడా.

అసలు గొడవంతా క్రియల దగ్గర. ‘వచ్చిండు’ చూడగానే చాలామంది చెయ్యి ‘వచ్చాడు’ వైపు పోతుంది. రెండూ ఒకే తల్లి పిల్లలు. ‘వచ్చినాడు’ అనే రూపం ఒకచోట కుదించుకుని ‘వచ్చాడు’ అయింది, మా దగ్గర ‘వచ్చిండు’ అయింది. పాత గ్రాంథికం పట్టుకు కూర్చుంటే రెండూ పనికిరావు, ‘వచ్చెను’ అనాలి. వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడాక ‘వచ్చాడు’ బడి పుస్తకాల్లోకి వచ్చింది. ‘వచ్చిండు’ బయటే నిలబడిపోయింది. మన వరంగల్‌లో బతికిన కవి కాళోజీ జీవితమంతా అడిగింది ఆ సంగతే, కొన్ని జిల్లాల పలుకు ఒప్పయి మిగతావాళ్ల పలుకు తప్పు ఎట్లా అవుతుందని. గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం, నడుమ 11 రోజులే. ఏ బడిలోనైనా ఈ రెండింటినీ ఒకే పాఠంగా చెప్తే ఎంత బాగుండు.

ఇంకోటి చెప్పాలి, ఇది నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. బడిలో ఉన్నప్పుడు పక్కవాడి మీద "సార్, ఆడు గొట్టిండు" అని చెప్తే, కొట్టిన సంగతి పక్కనపెట్టి సార్ నా మాట పట్టుకున్నారు. ‘వాడు కొట్టాడు’ అని పదిసార్లు అనిపించారు. కొన్ని రోజులకే అదే గదిలో బోర్డు మీద గసడదవాదేశ సంధి: వాడు + కొట్టె = వాడుగొట్టె. ప్రథమా విభక్తి మాట మీది పరుషాలకు, అంటే క చ ట త పలకు, గ స డ ద వలు బహుళంగా వస్తాయి. నా నోట్లో తప్పయిన ‘గొ’ బోర్డు మీద సూత్రమైంది, ఆ ముక్క ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ద్వంద్వ సమాసంలోనూ ఇదే మార్పు వస్తుంది కాబట్టే అందరం ‘తల్లిదండ్రులు’ అంటున్నాం, దాన్ని ‘తల్లితండ్రులు’ చేయాలని ఎవరికీ అనిపించదు. కాబట్టి టీచర్లకు నా మనవి, పిల్లల నోట్లో ఉన్న ఉదాహరణతోనే మొదలుపెట్టండి. ‘ఆడు గొట్టిండు’ అని బోర్డు మీద రాసి, ఇందులో ఏ సంధి దాగుందో చెప్పమని అడగండి.

మాండలికంలో రాయాలనుకునేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. దానికీ వ్యాకరణం ఉంది. నేను వచ్చిన, నువ్వు వచ్చినవ్, ఆడు వచ్చిండు, ఆమె వచ్చింది, వాళ్లు వచ్చిండ్రు. ఈ వరుస చదువుకోనివాళ్లు కూడా తప్పరు. రాసేటప్పుడే మనం తప్పుతాం, ఒక లైన్లో ‘పోయిండు’, కింది లైన్లో అదే మనిషి నోట ‘వెళ్లాను’. అది తప్పు, దిద్దాల్సిందే. ఊరు మారితే రూపం మారుతుందని కూడా చూసుకోవాలి. వరంగల్‌లో ‘వస్తాండు’, కరీంనగర్ దిక్కు పోతే ‘అస్తాండు’, ‘అత్తాండు’, హైదరాబాద్ దగ్గరపడేకొద్దీ ‘వస్తుండు’. మీ మనిషిది ఏ ఊరో తేల్చుకుని అక్కడే ఉండండి. యాస కనిపించాలని ప్రతి మాటకూ ‘గ’ తగిలించవద్దు, గట్ల గిట్ల అని నాలుగుసార్లు వేస్తే భాష రాదు. మక్కలు (మొక్కజొన్నలు), కైకిలి (కూలిపని), సద్ది (చద్దన్నం), పాలోళ్లు (దాయాదులు), ఇట్లాంటి మాటలు వాటి చోట పడితే చాలు. ఇంకా ముఖ్యం, కథలో పనివాడికీ రౌడీకీ మాత్రమే యాస పెట్టి డాక్టరుకూ కలెక్టరుకూ పుస్తకాల భాష పెట్టకండి. మా ఇళ్లల్లో డాక్టర్లు కూడా ‘పోతాన’ అనే అంటారు.

నేను ఇక్కడ రాస్తున్నది పేపర్ల తెలుగే. ఒంగోలు నుంచి, అనంతపురం నుంచి చదివేవాళ్లకు కూడా అందాలని. ఇంట్లో మా ఆవిడతో ఇట్లా మాట్లాడను, మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమో అనుకుంటుంది.

తప్పని ఎవరూ అనని తప్పులు కొన్నున్నాయి, దిద్దాల్సినవి అసలు అవే. ‘ఇచ్చట పిండి పట్టబడును’ అని బోర్డు రాస్తారు. గిర్ని (పిండిమర) ముందు నిలబడి ఎవరైనా అట్లా అంటారా? ‘ఇక్కడ పిండి పడతాం’ అంటే అయిపోయె. ‘అన్న మరియు తమ్ముడు వచ్చారు’ ఎందుకు, ‘అన్నా తమ్ముడూ వచ్చారు’ అని రెండు దీర్ఘాలు ఉండగా? పాలకుర్తి మన పక్కనే, ఆ ఊరి కవి పాల్కురికి సోమన 13వ శతాబ్దంలోనే నలుగురికీ తెలిసే జాను తెనుగు కావాలన్నాడు. మనం ఇంకా ‘కావున’, ‘గావించి’ దగ్గరే ఉన్నాం.

చివరగా, దిద్దినదాన్ని రాసినవాళ్లకు పైకి చదివి వినిపించండి. నేను కౌంటర్ దగ్గర ఇదే చేస్తాను. వింటూ ఎక్కడ వాళ్ల మొహం మారుతుందో అక్కడ ఆగి, "మీరైతే ఎట్లంటరు?" అని అడిగి, వాళ్లు చెప్పిందే టైపు చేస్తాను.

ఆ పెద్దమనిషి కార్డు ఆరోజే మళ్లీ కొట్టాం. ఆమె పేరు, తారీఖు, ఏ వారమో, ఎన్ని గంటలకో, ఊళ్లో ఇల్లు ఎటో నేను అడిగి రాసుకుని పైన పెట్టాను. కింద ఆయన రెండు వాక్యాలు ఆయనవే, ‘అందరు’ చివర దీర్ఘం కూడా పెట్టలేదు. వంద కార్డులు కట్ట కట్టించుకుని, పైదొకటి తీసి మళ్లీ చదువుకుంటూ బస్టాండ్ దిక్కు నడిచాడు.