సీటీ ఇమేజ్ క్వాలిటీని టెక్స్చర్‌తో చెక్ చేయడం ఎలా

సీటీ ఇమేజ్ ఎలా ఉందో చూడమంటే చాలామందిమి ఒక ఆర్‌ఓఐ (ఇమేజ్‌లో కొలవాల్సిన చోట గీసే గడి) గీసి, స్టాండర్డ్ డీవియేషన్ (ఎస్‌డీ, విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) చూసి వదిలేస్తాం. అది నాయిస్ (ఇమేజ్‌లో కనిపించే గరుకు) ఎంతుందో చెప్తుంది గానీ ఎలా పరుచుకుందో చెప్పదు. చిన్న లెక్క చూడండి, 0 1 0 1 0 1 అని ఒక వరస, 0 0 0 1 1 1 అని ఇంకో వరస. రెండిటికీ సగటు 0.5, ఎస్‌డీ కూడా 0.5, కానీ మొదటిది సన్న ఇసకలా కనిపిస్తే రెండోది మచ్చలా కనిపిస్తుంది. పక్కపక్క జతలు లెక్కపెడితే మొదటిదాంట్లో 5కి 5 జతల్లో తేడా ఉంది, రెండోదాంట్లో ఒక్క జతలోనే. జీఎల్‌సీఎం (గ్రే లెవెల్ కో-అకరెన్స్ మ్యాట్రిక్స్) అంటే ఇదే లెక్క, ఏ గ్రే లెవెల్ (బూడిద రంగు మెట్టు) పక్కన ఏ లెవెల్ ఎన్నిసార్లు వచ్చిందో రాసుకునే పట్టిక. 1973లో హరాలిక్ వాళ్లు దీన్నుంచి 14 ఫీచర్లు తీశారు, మనకి కాంట్రాస్ట్ (పక్కపక్క పిక్సెల్స్ మధ్య తేడా ఎంత), హోమోజెనిటీ (అవి ఎంత ఒకేలా ఉన్నాయి), కోరిలేషన్ (ఒకదాని విలువని బట్టి పక్కదాని విలువ ఎంత ఉంటుంది) చాలు.

మొదలుపెట్టేది వాటర్ ఫాంటమ్‌తోనే, అంటే స్కానర్‌ని టెస్ట్ చేయడానికి వాడే నీళ్లు నింపిన డబ్బాతో. పేషెంట్ ఇమేజ్‌లో లివర్ రక్తనాళాల టెక్స్చర్, నాయిస్ టెక్స్చర్ కలిసిపోతాయి, ఏది ఏదో విడదీయలేం. ఒరిజినల్ డైకామ్ (స్కానర్ ఇచ్చే మెడికల్ ఇమేజ్ ఫార్మాట్) ఫైలే తీసుకోండి, పీఎన్‌జీ, జేపెగ్ వద్దు, వాటిల్లో విండోయింగ్ (కొంత రేంజ్ విలువల్నే చూపించి మిగతావి కత్తిరించడం) అయిపోయి మామూలుగా 8 బిట్స్‌కి కుదించేసి ఉంటుంది, జేపెగ్‌లో 8×8 బ్లాకుల గీతలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. డైకామ్ ఫైల్లోనే ఉండే రీస్కేల్ స్లోప్‌తో పిక్సెల్ విలువని గుణించి, ఇంటర్‌సెప్ట్ కలిపి హెచ్‌యూలోకి (హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, సీటీ విలువల కొలమానం) మార్చండి. ఫాంటమ్‌లో నడిమధ్య నాయిస్ వేరు, అంచు దగ్గర వేరు, కాబట్టి ఆర్‌ఓఐ ప్రతిసారీ అదే చోట, అదే సైజులో ఉండాలి.

లెక్క ఎక్కువగా చెడేది గ్రే లెవెల్స్ దగ్గర. ఒక్కో ఇమేజ్‌ని దాని మినిమమ్, మాగ్జిమమ్ మధ్య సాగదీస్తే నాయిస్ ఎక్కువున్నదీ తక్కువున్నదీ ఒకేలా అయిపోతాయి, మనం వెతికే తేడానే పోతుంది. అందుకే రేంజ్ ఫిక్స్ చేయండి, నీళ్లు 0 హెచ్‌యూ కాబట్టి -100 నుంచి +100 తీసుకుని 8 హెచ్‌యూకి ఒక మెట్టు చొప్పున 25 మెట్లు చేస్తే సరిపోతుంది, నాయిస్ అంతకు మించితే రేంజ్ పెంచి అన్నిటికీ అదే వాడండి.

తర్వాత పైథాన్‌లో స్కైకిట్-ఇమేజ్ లైబ్రరీలోని గ్రేకోమ్యాట్రిక్స్ ఫంక్షన్‌తో దూరం 1, 2, 4 పిక్సెల్స్‌కి, 0, 45, 90, 135 డిగ్రీలకి లెక్క తీయండి. సగటు చేసేముందు నాలుగు దిక్కులూ విడివిడిగా చూడండి ప్లీజ్, ఒక్క దిక్కులోనే నంబర్ బాగా తేడాగా ఉంటే అక్కడ స్ట్రీక్స్ (ఇమేజ్‌లో పడే తప్పుడు చారలు) ఉన్నాయేమో ఇమేజ్ తెరిచి కళ్లతో చూడాలి.

షార్ప్ కెర్నల్‌తో (కెర్నల్ అంటే ఇమేజ్ తయారుచేసేటప్పుడు వాడే ఫిల్టర్) జీఎల్‌సీఎం కాంట్రాస్ట్ పెరిగి హోమోజెనిటీ తగ్గుతుంది, స్మూత్ చేస్తే దీనికి రివర్స్. హోమోజెనిటీ పెరిగింది కదా ఇమేజ్ బాగుపడిందని మాత్రం రాసేయకండి! ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ (మళ్లీ మళ్లీ లెక్కవేసి నాయిస్ తగ్గించే పద్ధతి) గట్టిగా వేస్తే ఎస్‌డీ తగ్గుతుంది, కోరిలేషన్ పెరుగుతుంది, ఇమేజ్ మైనం పూసినట్టు అవుతుంది, అందులో చిన్న లో-కాంట్రాస్ట్ గడ్డ (చుట్టుపక్కల కంటే కొద్ది తేడాతోనే కనిపించేది) కలిసిపోయినా నంబర్లు బాగున్నట్టే ఉంటాయి. కాబట్టి లో-కాంట్రాస్ట్ ఇన్సర్ట్స్ (అలాంటి గడ్డల్లా పెట్టిన ముక్కలు) ఉన్న ఫాంటమ్‌లో అవి కనబడుతున్నాయో లేదో కూడా పక్కనే నోట్ చేయండి.

పోల్చేటప్పుడు కేవీపీ (ఎక్స్‌రే ట్యూబ్ వోల్టేజ్), ఎంఏఎస్ (ట్యూబ్ కరెంట్, టైమ్ గుణిస్తే వచ్చేది), స్లైస్ మందం, కెర్నల్, ఎఫ్‌ఓవీ (ఇమేజ్‌లోకి వచ్చే ప్రాంతం సైజు) అన్నీ ఒకటే ఉండాలి. నంబర్ సడన్‌గా మారితే మెషిన్‌ని అనుమానించే ముందు డైకామ్ హెడర్ తెరిచి ప్రోటోకాల్‌లో ఎవరైనా కెర్నల్ మార్చారేమో చూడండి.