మీ ఇంటిపేరు ఎక్కడిదో వెతకాలంటే "ఎవుల తాలూకు" దగ్గర మొదలెట్టండి

మా సిక్కోలు (శ్రీకాకుళం) వైపు కొత్త మనిషి కనబడితే పెద్దోళ్ళు పేరు కంటే ముందు "ఏ ఊరు బాబూ, ఎవుల తాలూకు?" (అంటే ఎవరి మనిషివి) అనడుగుతారు కదా, ఇంటిపేరు పుట్టిందే ఈ ప్రశ్నకి జవాబుగా అని నాకనిపిస్తుంది. అందుకే గూగుల్లో మీనింగ్ కొట్టే ముందు ఊరు వెతకండి.

ముందు ఇంటిపేరు తోక చూడండి. ఊరు పేరు ఇంటిపేరు అయ్యేటప్పుడు చివర మారుతుంది, వరం ఉంటే వరపు అవుతుంది, పాడు పాటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది. జలుమూరు దగ్గర అంధవరం ఉంది కదా, అంధవరపు అంటే ఆ ఊరోళ్ళు అనే. విజయనగరం రాజులు పూసపాటి వారు, ఆ పూసపాడేమో కృష్ణా వైపుది. గురజాడ అప్పారావు గారు బతుకు చాలావరకు విజయనగరంలోనే, ఇంటిపేరు మాత్రం మళ్ళీ కృష్ణా జిల్లా ఊరిదే. సో తోక వెనక్కి తిప్పి ఊరు పేరు కట్టుకుని మ్యాప్‌లో కొట్టండి, ఒకే పేరుతో మూడు నాలుగు ఊళ్ళు వస్తే దగ్గరున్నదే మనదని ఫిక్స్ అయిపోకండి, ఎందుకంటే మన దగ్గర ఆమదాలవలస లాగ వలస అని ఉండే ఊళ్ళు బోలెడు, వలస అంటేనే ఎక్కడినుంచో వచ్చి దిగినోళ్ళు, అలాంటి చోట ఇంటిపేరు ఊరికంటే పాతది అయ్యుండొచ్చు.

ఇచ్ఛాపురం, సోంపేట వైపైతే లెక్క వేరు. పట్నాయక్, బెహరా, బిసాయి లాంటివి ఊరి పేర్లు కావు, ఒడియా వైపు నుంచి వచ్చిన పదవుల పేర్లు. వాటికి ఊరు వెతుక్కుంటూ కూర్చుంటే టైం వేస్ట్.

ఇక "గేదెల" లాంటి ఇంటిపేర్లు చూడగానే అర్థమైపోయినట్టే ఉంటాయి, అక్కడే పప్పులో కాలేస్తాం. గేదెలు కాసినోళ్ళు అని ఎవరైనా ఠకీమని చెప్తే నమ్మకండి, మంద ఎక్కువున్న ఇల్లు కావచ్చు, ఏదో ఊరు పేరు అరిగి అలా మిగిలిందీ కావచ్చు. ఇంట్లో కథ లేకపోతే కథ అల్లకండి, ఖాళీగా వదిలేయండి.

తర్వాత మామ్మల్ని అడగాలి. తాతల్ని అడిగితే మగోళ్ళ లైనొక్కటే చెప్తారు, మామ్మైతే తన పుట్టింటి పేరు, వాళ్ళమ్మ పుట్టింటి పేరు, ఎవరిని ఏ ఊరు ఇచ్చారు, అన్నీ ఏకరువు పెడుతుంది. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టేయండి, మధ్యలో ఆపి ప్రశ్నలేయకండి (నేను వేశాను, మా మామ్మ కోపమొచ్చి లేచి వెళ్ళిపోయింది). ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అయితే సంబంధం ఎందుకు చెయ్యరో కూడా అప్పుడే తెలుస్తుంది. దక్షిణ కొరియాలోనూ ఇదే పట్టింపు ఉండేది. అక్కడ కిమ్‌లు కోట్లలో ఉంటారు కాబట్టి ఏ ఊరి కిమ్ అని చూస్తారు, గిమ్హే కిమ్ అంటే గిమ్హే ఊరి మూలం ఉన్న కిమ్ అన్నమాట. పేరూ మూలమూ రెండూ కలిస్తే పెళ్ళి కుదరదని చట్టమే ఉండేది, 1997లో అక్కడి రాజ్యాంగ కోర్టు అది చెల్లదంది.

కాగితాల్లో పాత శుభలేఖలు, పొలం దస్తావేజులు బెస్ట్. ఒక్క మాట గుర్తుంచుకోండి, శ్రీకాకుళం జిల్లా అయ్యింది 1950లో, విజయనగరం 1979లో, అంతకు ముందువి విశాఖపట్నం జిల్లా పేరుతోనో, విజయనగరం వైపు కొన్నైతే శ్రీకాకుళం జిల్లా పేరుతోనో, 1936కి ముందైతే కొన్ని ఊళ్ళవి గంజాం జిల్లా పేరుతోనో ఉంటాయి.

పెట్టిన పేర్లు ఇంత కష్టం కాదు, ఏ దేవుడి తాలూకో చూస్తే చాలు. పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి, కూర్మారావు అంటే శ్రీకూర్మం, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ అంటే సింహాచలం అప్పన్న, పోలినాయుడు అంటే పోలమ్మ. పెంటయ్య, పెంటమ్మ కనబడితే మాత్రం నవ్వకండి. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే ఈ బిడ్డనైనా చావు చూసీచూడనట్టు వదిలేస్తుందని తల్లిదండ్రులు అలా పెంటకుప్ప పేరు పెట్టుకునేవాళ్ళు.

ఇంటిపేరు లేని జనాలు కూడా ఉన్నారు. మనోళ్ళు ఒకప్పుడు పనికోసం ఓడెక్కి వెళ్ళిన రంగూన్‌లోనే బర్మా వాళ్ళకి ఇంటిపేరు ఉండదు. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌గా చేసిన ఊ థాంట్ పేరులో "ఊ" అంటే మన "గారు" లాంటిది, అసలు పేరు థాంట్ ఒక్కటే. టర్కీలో అయితే 1934లో చట్టం చేసి అందరికీ ఇంటిపేర్లు పెట్టించారు, ముస్తఫా కెమాల్‌కి అతాతుర్క్ అప్పుడొచ్చిందే.

చివరగా, దొరికిన ఇంటిపేరుని ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగ్‌తో రాయండి. మనకి ఇంటిపేరు ముందు, ఫారాల్లో సర్‌నేమ్ వెనక, నాకు ఒక సర్టిఫికెట్‌లో రెండూ తిరగబడి, పోనీ అని వదిలేస్తే తర్వాత ప్రతి కాగితంలోనూ నేను ఇంకెవరో అయిపోయాను, సరిచేయించడానికి ఆర్నెల్లు తిరిగాను. పాస్‌పోర్ట్‌కి అప్లై చేసే ముందే టెన్త్ మార్కుల లిస్టు, ఆధార్ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చూసుకోండి.