ఆపరేషన్ వేళ పెద్దవాళ్ల మెదడు సంరక్షణ - మూడో పాఠం: గొడవ చేయకుండా పడుకున్నవాళ్లు

పోయిన పాఠంలో ఆపరేషన్‌కు ముందే ఇంట్లో పెద్దవాళ్ల చేత శనివారం మొదలుకొని ధ్యాస ఎంత నిలుస్తుందో చూడటానికి వారాల పేర్లు వెనక్కి చెప్పించి, ఎలా చెప్పారో రాసిపెట్టుకోమన్నాను. మీ నోట్సు చూస్తే చాలామంది మధ్యలో అందించారని తెలుస్తోంది. "గురువారం తర్వాత బు..." అని మీరు అందుకుంటే అది నాన్నగారి జవాబు కాదు. ఆగిపోతే ఆగనివ్వండి. ఎక్కడ ఆగారో రాయండి, ఆపరేషన్ తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం. చదువుకున్నవాళ్లను నెలలు అడిగినా మంచిదే. బడికి వెళ్లని అమ్మమ్మలను మాత్రం నేను వారాలే అడుగుతాను.

కళ్లజోడు, వినికిడి మిషను, కట్టుడు పళ్లు వార్డుకు రాగానే తిరిగి పెట్టాలని, పగలు లేపి కూర్చోబెట్టి రాత్రి నిద్ర పోనివ్వాలని మళ్లీ చెప్పను. ఇవి చిన్న పనులు కావు. 1999లో అమెరికాలోని యేల్‌లో డాక్టర్ షారన్ ఇనౌయే బృందం జనరల్ మెడిసిన్ వార్డుల్లోని 70 ఏళ్లు, ఆపై వయసువారి మీద ఇలాంటి జాగ్రత్తలే పరీక్షించింది. మామూలు వైద్యం పొందినవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం (ఉన్నట్టుండి ధ్యాస నిలవక అయోమయంలో పడటం) వస్తే, ఈ జాగ్రత్తలు పొందినవాళ్లలో 9.9 శాతం మందికే వచ్చింది.

ఇక నన్ను బాధపెట్టే మాట: "మమ్మల్ని గుర్తుపడుతున్నారు, గొడవ లేదు, హాయిగా పడుకున్నారు." డెలీరియం అంటే సెలైన్ పీకేసి అరవడమే అనుకుంటున్నారు. మందకొడిగా పడి ఉండే రకమూ ఉంది. ఎక్కువగా కంటపడకుండా పోయేది అదే. కొడుకును గుర్తుపట్టిన మనిషికే ధ్యాస నిలవకపోవచ్చు. ఏమడిగినా "ఊఁ" అంటారు. ఇడ్లీ ముక్క నోట్లో పెడితే నమలడం మర్చిపోతారు. మాట మొదలుపెట్టి సగంలో వదిలేస్తారు. పొద్దున డాక్టరు రౌండ్లకు వచ్చినప్పుడు చక్కగా మాట్లాడి, సాయంత్రానికి తేడాగా ఉంటారు. సాధారణంగా ఇది ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది. వెనక ఇన్ఫెక్షన్, మూత్రం బిగుసుకుపోవడం, తగ్గని నొప్పి, సోడియం పడిపోవడం, ఏదైనా మందు కారణం కావచ్చు. అందుకే వెంటనే చెప్పాలి. "డల్‌గా ఉన్నారు" అంటే సరిపోదు. "నిన్న వారాలన్నీ చెప్పారు, ఇవాళ శుక్రవారం దాటడం లేదు" అనండి.

హైదరాబాద్‌లో ఒక చిక్కు ఉంది. నర్సు హిందీలో అడిగితే నల్గొండ నుంచి వచ్చిన పెద్దాయన బదులివ్వకపోవచ్చు. అది అయోమయం కాదు. పక్కనే ఉండి తెలుగులో అడిగి చెప్పండి.

నిద్ర పట్టడం లేదని నిద్రమాత్ర గానీ అవిల్ (మత్తు తెచ్చే అలర్జీ మందు) గానీ మీరుగా అడగొద్దు. డెలీరియం పెరగవచ్చు. ఎప్పటినుంచో రోజూ వేసుకునే నిద్రమాత్ర ఉంటే మాత్రం సొంతంగా ఆపకండి, మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

అభ్యాసం: ఆపరేషన్‌కు ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు, పొద్దునా సాయంత్రమూ వారాలు అడిగి, వాళ్లు అన్న మాటలే ఒకే పుస్తకంలో రాయండి. రాత్రి కాపలాకు వచ్చే తమ్ముడు అది చదివాకే మీరు ఇంటికి బయల్దేరాలి.