హార్డ్ డిస్క్ క్లోనింగ్ నేర్చుకుందాం – 4: అంతా కాపీ అయింది, లైసెన్స్ ఏమైంది?

పోయిన భాగంలో పాత హార్డ్ డిస్క్‌ని కొత్త ఎస్‌ఎస్‌డీ మీదికి క్లోన్ చేశాం, అంటే ఉన్నదున్నట్టు కాపీ చేశాం. బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో ఎస్‌ఎస్‌డీ కొని ఈ పని చేసిన వాళ్లు తరచూ అడిగేది ఇదే: "అన్నా, విండోస్ బాగానే వచ్చింది. మరి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ లేదంటుందేంటి?"

డిస్క్‌లో రాసి ఉన్నదంతా కాపీ అయింది, నిజమే. డిస్క్ సొంత గుర్తింపు మాత్రం రాదు. ఇల్లు మారితే గిన్నెలన్నీ తెచ్చుకుంటాం, డోర్ నంబర్ తెచ్చుకోలేం కదా.

కళ్లతో చూస్తే బుర్రకెక్కుతుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వి, ఓ, ఎల్ అక్షరాలు కొట్టండి. ఒక స్పేస్ వదిలి, సి, కోలన్ పెట్టి ఎంటర్ నొక్కండి. మధ్యలో చిన్న గీతతో నాలుగూ నాలుగూ ఎనిమిది గుర్తులు కనిపిస్తాయి. అది వాల్యూమ్ సీరియల్ నంబర్. ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ రాసింది కాబట్టి మామూలుగా క్లోన్‌తో పాటే వచ్చేస్తుంది. ఇప్పుడు రెండు డిస్కుల మీది స్టిక్కర్లు చూడండి. అక్కడున్న సీరియల్ నంబర్ ఫ్యాక్టరీలో ఇచ్చింది, డిస్క్ ఫర్మ్‌వేర్‌లో (డిస్క్‌ని నడిపే లోపలి ప్రోగ్రామ్‌లో) ఉంటుంది, క్లోనింగ్‌లో రాదు. మొదటి నంబర్ చూసే సాఫ్ట్‌వేర్ నోరెత్తదు. రెండోది చూసేది మాత్రం ఇదేదో కొత్త కంప్యూటర్ అనుకుంటుంది.

కొన్ని పాత ప్రోగ్రాములతో ఇంకో తలనొప్పి. అవి లైసెన్స్ సమాచారాన్ని మొదటి పార్టిషన్‌కి (సి, డి లాంటి డిస్క్ భాగానికి) ముందున్న సెక్టార్లలో, అంటే డిస్క్‌లోని చిన్న చిన్న గడుల్లో దాస్తాయి. పార్టిషన్లు మాత్రమే కాపీ చేస్తే అది పాత డిస్క్‌లోనే ఉండిపోతుంది. అలాంటివి ఉంటే డిస్క్ మొత్తాన్ని సెక్టార్ బై సెక్టార్ కాపీ చేయండి.

విండోస్ గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. విండోస్ 10, 11 డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డును పట్టుకుని ఉంటుంది. అదే మెషీన్‌లో డిస్క్ ఒక్కటే మారిస్తే సాధారణంగా యాక్టివేషన్ పోదు. ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే కథ వేరు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ పాత కంప్యూటర్‌కే పరిమితం. విడిగా కొన్న రీటైల్ లైసెన్స్ మార్చుకోవచ్చు, అదీ ఒకేసారి రెండింట్లో వాడకుండా.

కాబట్టి క్లోనింగ్‌కి ముందే లైసెన్సులు వెనక్కిచ్చేయాలి. మన బెంగళూరు కంపెనీదే అయిన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ట్యాలీలో దీన్ని సరెండర్ అంటారు, చాలావాటిలో డీయాక్టివేట్ అని ఉంటుంది. నెలనెలా జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-3బీ వేసేవాళ్లకు గడువు 20వ తేదీ. 19 రాత్రి ఈ ప్రయోగం పెట్టుకోకండి మరి!

సరెండర్ మర్చిపోయారా? పాత డిస్క్‌ని అప్పుడే ఫార్మాట్ చేయకండి. ఎస్‌ఎస్‌డీ తీసేసి, పాతది ఒక్కటే తగిలించి బూట్ చేసి, అక్కడి నుంచి సరెండర్ చేయండి. రెండూ కలిపి తగిలిస్తే డిస్క్ సిగ్నేచర్లు (డిస్క్‌ని గుర్తుపట్టడానికి విండోస్ దాని మీద రాసుకునే నంబర్లు, ఇవి క్లోన్‌తో పాటే వస్తాయి) ఒకటే కావడంతో విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది.

వచ్చే భాగంలో బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం. ఈలోగా మీ 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో వెతికి పెట్టుకోండి.